ఈత రాని పాఠకుడి ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్తే. మాది పర్లాకిమిడి. నాకు ఏడో ఏట గొంతునొప్పికి సరిగ్గా మందు వాడక రుమాటిక్ ఫీవర్ (గుండె వాల్వుల్ని కూడా దెబ్బతీయగల జ్వరం) వచ్చింది, అప్పట్నుంచి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, దానికి నేను ఏడవలేదు గానీ మా అమ్మ, మామ్మ కలిసి నన్ను అరుగు దిగనివ్వలేదు చూడండి, దానికి ఏడ్చాను. గుండె వాల్వులు బాగున్నాయి, ఆడుకోనివ్వండమ్మా అని డాక్టరు గారు చెప్పినా వింటేనా! మా ఊరి మహేంద్రతనయ నదిలో అందరూ ఈదుతుంటే నేను గట్టు మీద వాళ్ళ చొక్కాలకి కాపలా, మండు వేసవిలో కూడా మెడకి మఫ్లర్. ప్రేమే, కాదనను. కానీ ఇప్పుడు 34 ఏళ్ళొచ్చినా గుణుపురం రైలెక్కితే అమ్మ మూడుసార్లు ఫోన్ చేస్తాది. మీ హెల్త్ పేజీలో మందుల గురించి రాస్తారు కదా, ఇలాంటి పిల్లల్ని ఇంట్లోవాళ్ళు ఎంతవరకు ఆపాలో కూడా ఓసారి డాక్టర్లతో రాయించండి సార్.

ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా