మెరక లేఅవుట్లు, మన మురుగు బోదెలు

అందరికీ నమస్కారమండి. సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి అనుమతి తీసుకోవాలన్న 2006 నాటి నాలా చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రద్దయింది కదా, పొలాన్ని ప్లాట్లు చేయడానికి నాలా అనుమతి విడిగా అక్కర్లేదు. మన డెల్టాలో అసలు భయం మురుగు గురించే. లేఅవుట్‌ను రోడ్డు మట్టానికి మెరక చేస్తే చేల నీళ్లు బయటికి పోయే బోదె పూడిపోతుంది, పైచేల నీళ్లు దిగవు. తూము వేశామంటారు గానీ, బోదె అడుగుకంటే జానెడు ఎత్తున పెడితే జానెడు నీళ్లు బోదెలోనే నిలబడిపోతాయి, చేలో నీళ్లు సరిగా దిగవు. సార్వా ఊడ్పులు కుళ్లిపోవడానికి అది చాలు.

మట్టి పడకముందే ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) తీసి బోదె ఉందేమో చూడండి. అందులో లేని బోదెకి ఫొటోలే ఆధారం, ఇప్పుడే తీసి ఉంచండి. పంచాయతీ కార్యదర్శికి, డ్రెయిన్ల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) సర్వే నంబరు వేసి అభ్యంతరం రాసివ్వండి, రసీదు తప్పక అడగండి. నోటిమాట లెక్కలోకి రాదు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదాం.