గ్రౌండ్లన్నీ ఒకేలా ఉండవు, బాబాయ్

బాబాయ్‌కి నమస్కారాలు.

జూన్‌లో మీరు, పిన్ని అమెరికా వస్తున్నారు కదా, అప్పుడు మూడు ఊళ్లలో మూడు బేస్‌బాల్ గ్రౌండ్లు దేనికి, ఒకటి చూస్తే చాలదా అన్నారు ఫోన్‌లో. చాలదు. పరుగెత్తే నాలుగు మూలల్ని బేసులంటారు. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు, బంతి విసిరే పిచర్ నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. ఇవి ఎక్కడా మారవు. ఆ నలుచదరం దాటాక మాత్రం ఏ ఊరి కొలత ఆ ఊరిదే. మన విశాఖలో తాడు జరిపితే బౌండరీ జరుగుతుంది. ఇక్కడ హద్దు గోడ, దాని వెనక వీధో, నీళ్లో.

బోస్టన్ ఫెన్‌వే పార్క్ 1912 నాటిది. ఎడమపక్కన వీధి అడ్డం కాబట్టి ఎడమ హద్దు గీత వెంట హోమ్ ప్లేటు నుంచి గోడ 310 అడుగుల్లోనే వచ్చేస్తుంది. అందుకే గోడని 37 అడుగులు లేపారు. దాంతో లెక్క తారుమారు: ఇంకోచోట హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అయ్యే తక్కువ ఎత్తు దెబ్బ ఇక్కడ గోడకి తగిలి వెనక్కొస్తుంది. ఇంకోచోట క్యాచ్ అయ్యే గాల్లో బంతి గోడ దాటిపోతుంది. లెఫ్ట్ ఫీల్డర్ ఆ గోడ బౌన్స్‌ని విడిగా నేర్చుకోవాల్సిందే. టికెట్ మీద 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని ఉంటే, ఎంత చవకైనా కొనకండి. పాత ఇనప స్తంభం మీ కళ్లకీ పిచర్‌కీ మధ్య నిలబడుతుంది.

షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో ఔట్‌ఫీల్డ్ ఇటుక గోడని ఐవీ అనే పాకే మొక్క కప్పేసి ఉంటుంది. బంతి అందులో ఇరుక్కుంటే బ్యాటర్‌కి రెండు బేసులు. ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి అంపైర్‌కి చూపించాలి. ఆశపడి ఆకుల్లో చెయ్యి పెట్టాడా, ఆట నడుస్తున్నట్టే. ఏప్రిల్‌లో వెళ్తే ఎండుపుల్లలే కనిపిస్తాయి, జూన్ సరైన అదును. కూర్చోగానే స్కోర్‌బోర్డు మీది జెండాలు చూడండి. ఊరి పక్కనున్న సరస్సు నుంచి లోపలికి గాలి వీస్తుంటే పెద్ద దెబ్బలు కూడా మధ్యలోనే చచ్చిపోతాయి. మధ్యాహ్నం ఆటలెక్కువ కాబట్టి థర్డ్ బేస్ వైపు, అంటే హోమ్ ప్లేటు నుంచి చూస్తే ఎడమపక్క, పైన కప్పున్న వరసలు తీసుకుందాం. ఆ పక్కకి నీడ ముందొస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కుడి హద్దు గీత 309 అడుగులే, దాని వెనక సముద్రపు ఖాతం నీళ్లు. బంతి కోసం జనం కయాకుల్లో (చిన్న పడవల్లో) కాచుకుని ఉంటారు, నాకైతే ఆటకన్నా అదే సరదా. మాంసం లేని తిండి కావాలంటే వెల్లుల్లి వేసిన ఫ్రైస్ దొరుకుతాయి. పిన్నికి చెప్పండి, రాత్రి ఆటకి జూన్ అయినా స్వెటర్ ఉండాల్సిందే.

ప్లాన్ ఇలా వేసుకుందాం. ఒక్కో జట్టు సీజన్‌లో ఆడే 162 ఆటల్లో సొంతూళ్లో ఆడేవి 81 మాత్రమే, కాబట్టి విమానం టికెట్లకన్నా ముందు షెడ్యూల్ చూడాలి. మామూలుగా ఒక జట్టుతో వరసగా మూడు రోజులాడతారు, మనం మొదటి రోజుకి కొనాలి. వానకి ఆట వాయిదా పడితే డబ్బు తిరిగివ్వరు, ఆ టికెట్ మళ్లీ ఆడే రోజుకి చెల్లుతుంది. మొదటి రోజైతే మర్నాడే ఆడే వీలుంటుంది. ఆఖరి రోజు పోతే ఎప్పుడో నెలల తర్వాత, మీరు అప్పటికి ఇంటికెళ్లిపోయి ఉంటారు. టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి. గేటు దగ్గర సిగ్నల్ అందకపోవచ్చు, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు, ముందే ఫోన్ వాలెట్‌లోకి దించుకోవాలి. వీపు సంచులు చాలాచోట్ల రానివ్వరు, పిన్ని చేతిసంచి కూడా చిన్నదే తెమ్మనండి.

2023లో పిచ్ క్లాక్ (పిచర్ ఇన్ని సెకన్లలో బంతి విసరాలనే గడియారం) పెట్టాక ఆట రెండున్నర గంటల పైచిలుకులో అయిపోతోంది. భోజనానికి ఇంటికొచ్చేస్తాం. తేదీలు తేల్చి చెప్పండి, షెడ్యూల్ చూసి పెడతాను.

మీ
చిన్నా