ఒక్క కార్డు మీద గీత పడితే తేలిపోయినట్టు కాదు

ఒరేయ్ రమణా,

ఫోన్లో నువ్వు కంగారులో ఉన్నావు, సగం మాటలు బుర్రకెక్కి ఉండవు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. హెర్నియా ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షలో మీ బావకి హెచ్‌ఐవీ ‘రియాక్టివ్’ అని, అంటే కార్డు మీద గీత పడిందని వచ్చింది. వచ్చింది అంతే. ఆయనకి హెచ్‌ఐవీ ఉందని ఇంకా ఎవరూ తేల్చలేదు. ముందు ఈ ముక్క చెల్లెమ్మకి చెప్పి, మిగతాది తర్వాత చదువు.

ఆపరేషన్‌కి ముందు చేసేది చాలాచోట్ల కార్డు పరీక్ష ఒక్కటే. కార్డు మీద ఒక చుక్క రక్తమో, రక్తం పైన తేలే నీరు లాంటి సీరమో వేసి, దానికి తగిన ద్రవం కలిపి, కిట్ మీద రాసిన సమయానికి చూడాలి. మామూలుగా అది 15, 20 నిమిషాలు. కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే ‘సి’ గుర్తు దగ్గర గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు, ఇంకోటి వెయ్యాలి. సమయం దాటి, ఆరిపోయిన కార్డు మీద లేని గీత కనపడొచ్చు. గొట్టాల మీద పేర్లు తారుమారు కావచ్చు. ఒక్కోసారి ఒంట్లో వేరే కారణంతో తయారైన యాంటీబాడీలు (రోగాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్లు) కూడా కార్డుకి అతుక్కుంటాయి.

లెక్క కూడా వేసి చూడు. వైరస్ లేని వెయ్యిమందిలో 5గురికి పొరపాటున గీత చూపించే కిట్ అనుకో. మన దేశంలో పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు సుమారు 0.2 శాతం. పదివేల మందికి పరీక్ష చేస్తే నిజంగా ఉన్నవాళ్ళు 20 మంది, ఊరికే గీత పడ్డవాళ్ళు దాదాపు 50 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాతం దాదాపు మూడు రెట్లు, అక్కడ లెక్క ఇంచుమించు సగం సగం అవుతుంది. అంటే గుండెలు బాదుకోవడమూ తప్పే, ‘తప్పుడు రిపోర్టులే’ అని చించి పారెయ్యడమూ తప్పే.

చెయ్యాల్సింది ఒకటే. రేపు ఏరియా ఆసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోనో ఉన్న ఐసీటీసీకి, అంటే సర్కారు హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రానికి తీసుకెళ్ళు. డబ్బు కట్టక్కర్లేదు, పరగడుపున వెళ్ళక్కర్లేదు, పాత రిపోర్టు మాత్రం పట్టుకెళ్ళు. ముందు కౌన్సిలర్ మాట్లాడి ఒప్పుకోలు తీసుకుంటారు. చేతి నరం నుంచి రక్తం తీసి, మొదటి కిట్‌లో గీత పడితే అదే రక్తాన్ని వేరే తయారీవి ఇంకో రెండు కిట్లతో చూస్తారు. మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. రెండు అవునని ఒకటి కాదంటే ‘తేలలేదు’ అని రాసి 14 నుంచి 28 రోజుల మధ్య మళ్ళీ రమ్మంటారు. ఆ తేదీ మాత్రం తప్పనివ్వకు. అప్పుడే కొత్తగా సోకిన వాళ్ళకి కూడా ఇలాగే రావచ్చు.

ఎందుకంటే కార్డు వెతికేది వైరస్‌ని కాదు, దానికి ఎదురుగా ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీల్ని. అవి కనపడటానికి 3 వారాల నుంచి 3 నెలలు పడుతుంది. వైరస్‌లోనే ఉండే పీ24 యాంటిజెన్ అనే ప్రోటీన్‌ని కూడా పట్టే ల్యాబ్ పరీక్షలో చాలామందికి నెలన్నర లోపే తేలుతుంది. కాబట్టి ఆయనకి పాజిటివ్ అని తేలితే చెల్లెమ్మ కూడా పరీక్ష చేయించుకోవాలి. ఈసారి ఆమెకి నెగటివ్ వచ్చినా 3 నెలలకి మళ్ళీ చేయించాలి, ఈలోపు కండోమ్ తప్పనిసరి. గడిచిన 72 గంటల్లో వాళ్ళిద్దరి మధ్య కలయిక జరిగి ఉంటే ఆ మాట దాచకుండా డాక్టరుకి చెప్పాలి. సోకకుండా 28 రోజులు వాడే మందులున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఆమె కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా అదీ చెప్పాలి. బిడ్డకి కాన్పులోనూ పాల ద్వారానూ సోకుతుంది, మందులతో దాన్ని చాలావరకు ఆపొచ్చు.

ఇంట్లో కంచాలు, గ్లాసులు వేరు చేస్తున్నారన్నావు. ఆ పని వెంటనే ఆపించు. ఇది సోకేది కలయికతో, రక్తంతో, సూదులతో, తల్లి నుంచి బిడ్డకి. అన్నం పెట్టినా, దోమ కుట్టినా రాదు.

‘మనిషి దుక్కలా ఉన్నాడు, ఏ స్టేజీ?’ అని అడిగావు. సోకిన 2 నుంచి 4 వారాలకి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు కూడా. తర్వాత ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండదు, అది మొదటి స్టేజీ. కొంచెం బరువు తగ్గడం, సర్పి లాంటివి రెండోది. నెలకి మించి విరేచనాలు, ఊపిరితిత్తుల టీబీ, నోట్లో తెల్లపూత మూడోది. మెదడు పొరల్లో ఫంగస్, ఊపిరితిత్తులు దాటిన టీబీ లాంటివి నాలుగోది. పైకి చూసి చెప్పేది కాదురా. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన సీడీ4 కణాలు ఘనపు మిల్లీమీటరు రక్తంలో 200 కంటే తగ్గితే, మనిషి బాగానే కనపడుతున్నా ప్రమాదపు గీత దాటినట్టే.

ఒకవేళ పాజిటివ్ అయితే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపుతారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో అడిగి టీబీ సంగతి చూస్తారు. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా అందరికీ మందు మొదలుపెడుతున్నారు. చాలామందికి రోజుకి ఒక్క మాత్రే, ఉచితం. 6 నెలలకి వైరల్ లోడ్, అంటే మిల్లీలీటరు రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తారు. అది 200 కంటే తగ్గి అలాగే నిలబడితే కలయిక ద్వారా భార్యకి సోకదు.

ఇక ఆ హెర్నియా. హెచ్‌ఐవీ ఉందని వైద్యం చెయ్యం అనడం, పరీక్ష చేయించుకుంటేనే వైద్యం అనడం రెండూ 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం కుదరవు. రిపోర్టు సంగతి ఆయన ఒప్పుకోకుండా మామూలుగా ఎవరికీ చెప్పకూడదు కూడా. ఎవరైనా మొండికేస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి. ఐసీటీసీ నుంచి బయటికి రాగానే నాకూ ఒక ఫోన్ కొట్టు.

నీ
ప్రసాద్