కొత్త మాస్టర్ సిలిండర్ వేసినా బ్రేక్ పెడల్ ఎందుకు దిగుతుంది?

సంపాదకుల వారికి,

సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ట్యాక్సీలకు ఉన్నట్టు మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. అంటే అన్నేళ్లూ బ్రేకుల మంచిచెడ్డలు యజమానే చూసుకోవాలి. వీడియోలు చూసి ఇంటి ముందే బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) మార్చుకునేవాళ్లు ఇప్పుడు నల్లగొండ, పాలమూరు వైపూ కనిపిస్తున్నారు. చేతకాని పనేమీ కాదు, ఒక పూట పడుతుంది. కానీ బిగించాక పెడల్ మెత్తగా ఉంటే ‘డూప్లికేట్ మాల్ ఇచ్చిండు’ అని షాపాయనతో కొట్లాటకు దిగుతున్నారు. చాలాసార్లు లోపం మాల్‌లో ఉండదు, లోపల మిగిలిన గాలిలో ఉంటుంది.

అసలు సిలిండరే పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ ఆపి, నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లోని (కాలి బలానికి తోడుపడే భాగం) వాక్యూమ్ ఖాళీ చేయండి. తర్వాత పెడల్‌ను ఒకే బలంతో నిమిషం పాటు నొక్కి పట్టండి. బయట ఎక్కడా తడి లేకుండానే అది మెల్లగా జారిపోతుంటే లోపలి రబ్బరు సీళ్లు ఆయిల్‌ను ఆపలేకపోతున్నట్టు. అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగుతుంది. అది జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందన్న గుర్తు. దాన్ని చూసి బెదిరి మంచి సిలిండర్‌ను పీకేసేవాళ్లున్నారు. రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ పైకి వస్తుంటే ముందుగా లైన్లలో గాలి ఉందేమో, వెనక డ్రమ్ బ్రేకుల షూల (డ్రమ్ముకు ఒరిసి చక్రాన్ని ఆపే పట్టీల) అడ్జస్ట్‌మెంట్ ఎలా ఉందో చూడాలి. సిలిండర్, బూస్టర్ కలిసే చోట పెయింట్ ఉబ్బి రాలుతుంటే వెనక సీల్ కారుతోందని తెలుసుకోవచ్చు.

ఖర్చు తక్కువని సీళ్ల కిట్టు ఒక్కటే వేయిస్తారు. బోరులో (పిస్టన్ కదిలే లోపలి గొట్టంలో) గుంతలు, గీతలు ఉంటే కొత్త రబ్బరు కూడా త్వరలోనే తెగుతుంది. అల్యూమినియం బోరును హోనింగ్ చేస్తే (రాపిడి రాయితో నునుపు చేస్తే) పై పూత పోతుంది. అలాంటప్పుడు మొత్తం సిలిండర్ మార్చడమే మేలు. షాపుకు పాత పీసు తీసుకెళ్లి బోరు సైజు సరిచూసుకోండి. బోరు పెద్దదైతే పెడల్ గట్టిపడి కాలి బలం ఎక్కువ కావాలి, చిన్నదైతే పెడల్ లోతుకు పోతుంది. బూస్టర్ దగ్గర వేసే ఓ-రింగ్ కూడా కొత్తదే తీసుకోండి.

రిజర్వాయర్ (సిలిండర్ మీది ఆయిల్ డబ్బా) మూత మీద రాసి ఉన్న బ్రేక్ ఆయిలే వాడాలి. అర లీటరు డబ్బాలు రెండు చాలు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం తేమ చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ దిగే ఘాట్‌లో బ్రేకు మీదే కాలు వేసి దిగితే పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. డాట్ 5 సిలికాన్ ఆయిల్, వీటిలో కలపకూడదు. పెట్రోలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ బొట్టు తగిలినా రబ్బరు ఉబ్బిపోతుంది.

విప్పే ముందు సిరంజితో రిజర్వాయర్ ఖాళీ చేయండి. ఫెండర్ మీద తడి గుడ్డ కప్పండి, ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోయండి, లేదంటే పెయింట్ లేస్తుంది. పైపుల నట్లకు ఫ్లేర్ నట్ పానా (నట్టును దాదాపు చుట్టూ పట్టేది) తప్పనిసరి. మామూలు డి-పానాతో నట్టు మూలలు అరిగిపోతాయి, ఆపైన పైపే మార్చాల్సి వస్తుంది.

ఇక అసలు పని. కొత్త సిలిండర్‌ను ఖాళీగా కారుకు బిగించకూడదు. వైస్‌లో ఫ్లాంజ్ (నట్లు పట్టే అంచు) దగ్గర పట్టించండి, బ్యారెల్‌ను (గొట్టం భాగాన్ని) పట్టిస్తే బోరు నొక్కుకుపోతుంది. అవుట్‌లెట్లకు ప్లాస్టిక్ అడాప్టర్లు, ట్యూబులు తగిలించి వాటి కొసలు రిజర్వాయర్‌లోని ఆయిల్‌లో మునిగేలా ఉంచండి. మొద్దు స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కి, వెనక్కి వచ్చేదాకా ఆగి, మళ్లీ నొక్కండి. తొందరపడితే బుడగలు నురగై లోపలే ఉండిపోతాయి. బుడగలు పూర్తిగా ఆగేదాకా చేయాలి. పది పదిహేను నిమిషాలు పట్టినా ఇక్కడ ఓపిక పడితే తర్వాత చక్రాల దగ్గర గంటలు మిగులుతాయి. గాలి స్పాంజిలా నలుగుతుంది, ఆయిల్ నలగదు. మెత్తని పెడల్‌కు కారణం ఇదే.

బూస్టర్ రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య సందు సాధారణంగా మిల్లీమీటర్ కంటే తక్కువ. కచ్చితమైన కొలత ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. రాడ్ పొడుగైతే పెడల్ వదిలినా, ఆయిల్ రిజర్వాయర్‌కు తిరిగి వెళ్లే లోపలి రంధ్రం తెరుచుకోదు. నల్లగొండలో ఎక్కిన కారు నకిరేకల్ చేరేలోపే బ్రేకులు పట్టేసి చక్రాలు కాలిపోతాయి. పరీక్ష తేలిక: మూత తీసి, ఒకరు పెడల్‌ను కొద్దిగా తాకించినప్పుడు రిజర్వాయర్‌లో ఆయిల్ చిన్నగా ఉబికితే రంధ్రం తెరిచే ఉంది. మొహం దూరంగా పెట్టి చూడండి, కంట్లో పడితే మంట.

పైపుల నట్లను ముందు చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కించాకే సిలిండర్ నట్లు బిగించాలి. అడ్డంగా ఎక్కితే అల్యూమినియం మర పోతుంది. తర్వాత చక్రాల దగ్గర నిపుల్‌కు (గాలి బయటికి వదిలే చిన్న మర మూతి) పారదర్శక ట్యూబు తగిలించి గాలి తీయాలి. మన కార్లలో సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి చాలా మోడళ్లలో ఎడమ వెనక చక్రంతో మొదలు పెడతారు. మిగతా వరుస సర్వీసు పుస్తకం ప్రకారమే. వదులు చేసిన నిపుల్‌ను పెడల్ పైకి రాకముందే బిగించాలి, రిజర్వాయర్‌లో ఆయిల్ మినిమం గీత కిందికి దిగకూడదు. సిలిండర్ మార్చకుండా చక్రాల దగ్గర గాలి మాత్రమే తీస్తుంటే పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. ఎన్నడూ పోనంత లోతుకు పిస్టన్ పోతే అక్కడి తుప్పు సీళ్లను కోసేస్తుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోకి గాలి పోతే చాలా కార్లలో స్కానర్ లేకుండా రాదు, ఆ పని వర్క్‌షాప్‌కే వదిలేయండి.

చివరగా పెడల్ నిమిషం నొక్కి పట్టి చూసి, పైపుల కీళ్ల దగ్గర తడి లేదని తేలాకే బండి కదపాలి. అదీ ఖాళీ మైదానంలో, నడక వేగంతో, చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద ఉంచి. హైవే మాట తర్వాత.

స్పేర్ పార్ట్స్ షాపుల వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. సీల్ తీసిన డబ్బాలోంచి బ్రేక్ ఆయిల్ విడిగా పోసి అమ్మకండి, ఆ డబ్బా గాలిలోని తేమను రోజూ పీలుస్తూనే ఉంటుంది. సిలిండర్‌తో పాటు బెంచ్ మీద గాలి తీసే అడాప్టర్లు, రెండు ట్యూబు ముక్కలూ కౌంటర్ మీద పెట్టండి. కొన్నవాళ్లకు బిల్లూ ఇవ్వండి.

– ఒక ఆటోమొబైల్ మెకానిక్, నల్లగొండ