ఈ సీజనుకు బోడార్క్ విల్లు లేదు: కారణమూ, మీ డబ్బు సంగతీ

అక్టోబరు 1న ఓక్లహోమాలో విల్లుతో జింకల వేట మొదలవుతుంది. ఆ లోపు చేతికి వస్తుందని నమ్మి, నేను చేసే బోడార్క్ విల్లుకు బయానా కట్టిన వాళ్ళకు ముందే చెబుతున్నాను: రాదు. ఒక్కటి కూడా రాదు. ఇది ఆలస్యం కాదు, ఈ ఏడాదికి లేనే లేదు. ఇంగ్లీషులో రెండు వాక్యాల నోటీసు అందరికీ వెళ్ళింది. టల్సా నుంచి, డాలస్ నుంచి మొదటి ఏడాదే వచ్చి, ఆ తర్వాత తమ్ముళ్ళనూ స్నేహితులనూ వెంటబెట్టుకొచ్చిన తెలుగువాళ్ళకు ఆ రెండు వాక్యాలు సరిపోవు.

కొత్తగా చేరిన వాళ్ళ కోసం ఒక మాట. బోడార్క్ అంటే ఒసేజ్ ఆరెంజ్. టెక్సస్, ఓక్లహోమా, అర్కన్సా కలిసే రెడ్ రివర్ ప్రాంతం దాని పుట్టిల్లు. మన పనస కుటుంబానికి చెందిన చెట్టే. కాయ కోస్తే అదే జిగురు పాలు, నరికితే అదే పసుపు చేవ. ముళ్ళతీగ రాకముందు ఇక్కడి రైతులు పొలాల చుట్టూ కంచెగా ఈ చెట్లనే వరుసగా నాటేవారు. ఈ చెక్క తేమకు లొంగదు, చెదకు లొంగదు. వింటికి ఇంతకు మించిన కర్ర ఈ ఖండంలో లేదని నా అభిప్రాయం.

ఆ కర్ర నాకు ఏళ్ళ తరబడి ఒకే మనిషి దగ్గర నుంచి వస్తోంది. పేరు రాయను. షరతులు ఎప్పుడూ ఒకటే: చలికాలంలో కొట్టిన చెట్టు, సమ్మెటతో చీల్చిన బద్దలు, నరికిన రోజే రెండు కొసలకూ పూత, నీడన నెలల తరబడి ఆరడం. ఈసారి ట్రక్కు దించిన సరుకు రంపంతో కోసినది. పైగా అడితిలో బట్టీకి పెట్టి ఎండబెట్టినది. కొసలకు పూత లేదు. నెర్రెలు జానెడు లోపలికి దిగాయి. బెరడు మిగిలిన చోట వేలితో ఊడదీస్తే కింద పురుగు తొలిచిన సన్నని దారులు, వాటి నిండా పసుపు పొడి. పలకల్లా కోయిస్తే ఒక ట్రక్కులో ఎక్కువ పడతాయి, రవాణా ఖర్చు తగ్గుతుంది. కారణం అంతే.

ఫోను చేస్తే ఆయన అన్నది: "పసుపు కర్ర అడిగావు, పసుపుగానే ఉంది కదా. పైన ఏదైనా అంటించి అమ్ముకో, ఎవరికి తెలుస్తుంది?" డబ్బు పోయినందుకు కాదు, ఆ చివరి మాటకు నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నా దగ్గర డబ్బు తీసుకున్న మనిషికి నేను చేసే పని ఏమిటో తెలియదన్నమాట.

కోసిన కర్రకూ చీల్చిన కర్రకూ తేడా ఏమిటని మీలో ఒకరు అడిగారు. విల్లు లాగినప్పుడు లక్ష్యం వైపు ఉండే ముఖం వీపు, మన వైపు ఉండేది పొట్ట. వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. సాగే ఆ వీపు ఈ కొస నుంచి ఆ కొస దాకా చెట్టు ఒకే ఏడు వేసుకున్న వలయంగా ఉండాలి. మధ్యలో ఎక్కడ ఆ వలయం తెగినా, పీచు అక్కడే లేస్తుంది, విల్లు అక్కడే విరుగుతుంది. బోడార్క్‌లో ప్రతి వలయానికీ రెండు పొరలుంటాయి: వసంతంలో తొందరగా పెరిగిన గుల్ల పొర, వేసవిలో నిదానంగా పెరిగిన గట్టి పొర. రెండు పిడుల కత్తిని గుండె వైపుకు లాగుతూ పోతుంటే, గుల్ల పొరలో కరకరమంటూ పొడి రాలుతుంది. గట్టి పొర తగలగానే ఆ చప్పుడు ఆగిపోతుంది, చెక్క నున్నగా మెరుస్తుంది. కత్తి అక్కడితో ఆగాలి. ముడి దగ్గర వలయం ఉబ్బితే కత్తీ పైకి లేవాలి. కర్ర వంకర పోతే కత్తీ దాని వెంటే పోవాలి. రంపానికి ఈ మర్యాద తెలియదు, తిన్నగా కోసుకుపోతుంది. వచ్చిన పలకల వీపు మీద వలయాలు కొండల పటంలో ఎత్తు గీతల్లా చుట్టలు తిరిగి ఉన్నాయి. ప్రతి గీతా ఒక తెగిన వలయమే.

ఈ వలయం వెంట పోవడం నాకు నేర్పింది ఓక్లహోమాలోని టాలెక్వా దగ్గరి ఒక పెద్దాయన, అమెరికా ఆదిమ తెగల్లో ఒకటైన చెరొకీ తెగ మనిషి. 80–100 గజాల దూరంలో మొక్కజొన్న దంట్లు పేర్చి, బాణం ఎన్ని దంట్లలో గుచ్చుకుందో లెక్కపెట్టే పందెం ఆయనకు ప్రాణం. విల్లు బాగుందని ఆయన ఏనాడూ అనలేదు. బాగాలేకపోతే మాత్రం కత్తి నా చేతిలోంచి తీసేసుకునేవారు.

ఇక నిద్ర పట్టనివ్వని విషయం. ఆ పలకలను కాపాడే దారి ఒకటి ఉంది. వీపు మీద పచ్చి తోలో, జంతువు నరమో (కండను ఎముకకు పట్టి ఉంచే నార), వెదురు బద్దో, హికరీ అనే చెట్టు కర్ర పట్టీయో అంటిస్తే తెగిన వలయాల బెడద చాలావరకు తీరుతుంది. ఇది దొంగ పని కాదు. అమెరికా పడమటి వైపు ఆదిమ తెగలు వింటి వీపుకు నరం అంటించడం ఏనాటి నుంచో ఉంది. బోడార్క్ మీద వెదురు పట్టీ వేసిన విల్లు ఇవాళ్టి గొప్ప విళ్ళలో ఒకటి. అలా చేసేవాళ్ళలో నాకంటే పనిమంతులు ఉన్నారు. మా ఆవిడ లెక్క కాగితం ముందు పెట్టి సూటిగా అడిగింది: "పట్టీ వేశామని చెప్పి, ధర తగ్గించి అమ్మితే తప్పేమిటి?" తప్పేమీ లేదు. ఆ మాటకు జవాబు వెతకడానికే నాకు ఇన్ని వారాలు పట్టింది.

రెండు పలకలకు తోలు అంటించి చూశాను. ఒకటి బాగానే వంగింది. రెండోదాన్ని గోడ కొయ్యకు తగిలించి తాడుతో మెల్లగా లాగుతుంటే, వీపు కాదు, పొట్ట వైపు లోపలి నుంచి టక్కుమంది. చీల్చి చూస్తే లోపల పొడవునా నెర్రె. బట్టీలో తొందరపెట్టి ఎండబెట్టిన చెక్క అంతే. పై పొర ముందు బిగుసుకుపోతుంది, లోపల తర్వాత చీలుతుంది, బయటికి కనబడదు. అలాంటి లోపాన్ని ఏ పట్టీ సరిచేయదు. లాగడానికి 50 పౌన్ల బలం పట్టే విల్లు పూర్తిగా లాగినప్పుడు విరిగితే ముక్కలు ఎగిరేది మీ ముఖం పక్కనే. బాగానే వంగిన ఆ ఒక్కటీ అయినా అమ్మకపోవడానికి కారణం వేరు: మీరు బయానా కట్టింది ఒకే కర్రలోంచి తీసిన వింటికి. దీన్ని మొండితనం అంటే అనండి, మా ఆవిడ ఎలాగూ అంటోంది. పలకలన్నీ కంచె గుంజలకని పక్క ఊరి రైతుకు ఇచ్చేశాను. బోడార్క్ గుంజ మనిషి జీవితకాలం నిలుస్తుంది, కాబట్టి చెక్క వృథా పోలేదు. నా డబ్బు మాత్రం పోయింది. అది మీ ధరలో కలపను.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది హికరీ. నేనే చీల్చి ఆరబెట్టుకున్న బద్దలు. హికరీ అనగానే "చవక రకమా?" అని అడిగేవాళ్ళకు ఒక చిన్న చరిత్ర. 1838–39లో బలవంతంగా ఓక్లహోమాకు తరిమివేయకముందు చెరొకీలు ఉన్నది తూర్పున, నార్త్ కరొలైనా, టెనసీ, జార్జియా కొండల్లో. అక్కడ వాళ్ళ విల్లు ఎక్కువగా బ్లాక్ లోకస్ట్‌తోనూ హికరీతోనూ చేసిందే. 1761–62 చలికాలంలో వాళ్ళ మధ్య గడిపిన హెన్రీ టింబర్‌లేక్ అనే బ్రిటిష్ అధికారి, విళ్ళను ఎలుగుబంటి కొవ్వులో ముంచి నిప్పు సెగన ఆరబెట్టేవారని రాశాడు. హికరీ తత్వం తెలిసినవాళ్ళు చేసే పనే అది. ఈ చెక్క ఎంత పొడిగా ఉంటే అంత చురుగ్గా కొడుతుంది. తేమ పీల్చితే మందగించి, ఒక వైపుకు వంగి అలాగే ఉండిపోతుంది. అందుకే హూస్టన్ వాళ్ళకు, గల్ఫ్ తీరంలో ఉన్నవాళ్ళకు హికరీ వద్దని నేనే చెబుతున్నాను, మీరు అడిగినా ఒప్పుకోను. మిగతావాళ్ళు ఇంట్లో పొడిగా ఉండే చోట, నారి విప్పి, పడుకోబెట్టి ఉంచితే నిశ్చింతగా వాడుకోవచ్చు. సెగ చూపడం, కొవ్వు పట్టించడం నా పని. ఎలుగుబంటి కొవ్వు అందరికీ నచ్చదు కాబట్టి వద్దన్నవాళ్ళకు మైనం, అవిసె నూనె.

ఇద్దరు ముగ్గురు వింటి మీద "చెరొకీ విల్లు" అని చెక్కి ఇవ్వమన్నారు. చెక్కను. నేను చెరొకీని కాను, వాళ్ళ పద్ధతి నేర్చుకున్న తెలుగువాణ్ణి. అమెరికా ఆదిమ తెగలకు చెందనివాడు చేసిన వస్తువును వాళ్ళు చేసినదని అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం లేకపోయినా చెక్కేవాణ్ణి కాను. వాళ్ళ చేతి పనే కావాలనుకుంటే సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో టాలెక్వాలో జరిగే చెరొకీ నేషనల్ హాలిడేకు వెళ్ళి, చేసినవాళ్ళనే అడగండి. నాకేమీ బాధ లేదు.

మీ డబ్బు సంగతి. హికరీ విల్లు తీసుకుంటే ధరలో తేడా వెనక్కి ఇస్తాను, అక్టోబరుకు ముందే పంపుతాను. బోడార్క్ కోసమే ఆగుతామంటే బయానా అలాగే ఉంటుంది, ధర పెరగదు. రెండూ వద్దంటే మొత్తం వెనక్కి, ఒక్క ప్రశ్న కూడా అడగను. నారి మార్చడం, పాత విళ్ళ వంపు సరిచేయడం, పిల్లల చిన్న విళ్ళు, దసరా పూజకు అడిగినవి, ఇవన్నీ మామూలుగానే సాగుతాయి.

కొత్త కర్ర ఈ చలికాలంలో నేనే కొట్టిస్తున్నాను. పాత కంచె చెట్లు తీయించాలనుకుంటున్న ఒక రైతుతో మాట అయింది. చీల్చేటప్పుడు నేను పక్కనే ఉంటాను, కొసలకు పూత నా చేత్తోనే వేస్తాను. ఆ తర్వాత ఆరడం దాని ఇష్టం. వచ్చే అక్టోబరుకు కొన్ని సిద్ధం కావచ్చు, కాకపోవచ్చు. తేదీ చెప్పమని ఫోను చేయకండి, చెప్పను. మీరు ఏం ఎంచుకున్నారో సెప్టెంబరు 10 లోపు రాసి పంపండి. ఏమీ రాయని వాళ్ళ డబ్బు 11న వెనక్కి వచ్చేస్తుంది.