గూడు కదలాలంటే బరువు తగ్గాలి

సంపాదకుల వారికి,

మామిడి తోటల్లో వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్ల రకాలు, నాటుకోళ్లు పెంచేవారు చక్రాల గూళ్లు చేయించుకోవడం సంతోషం. కానీ వాటిలో చాలావాటికి గేదెల పాకకు సరిపోయే ఇనుము వాడేస్తున్నారు. లాగలేక గూడును ఒకేచోట వదిలేస్తారు. రెట్ట పేరుకుంటుంది, గడ్డి మాడిపోతుంది, తడి నేలలో ఏలికపాములు, రక్తపారుడు పట్టుకుంటాయి.

30 కోళ్లకు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గూడు చాలు. చట్రానికి సుమారు 30 మీటర్ల ఇనుము పడుతుంది. 40 మి.మీ. యాంగ్యులర్ (L ఆకారపు ఇనుప కడ్డీ) 5 మి.మీ. మందంలో వాడితే మీటరుకు 3 కిలోలు, అంటే చట్రమే 90 కిలోలు. అంగుళం చదరపు పైపు 16 గేజ్‌లో (సుమారు 1.6 మి.మీ. మందం) అయితే 35 కిలోలకు అటూఇటూ. రేకు, జాలీతో కలిపి ఖాళీ గూడు 100 కిలోలు దాటనివ్వొద్దు. కోళ్లు ఎక్కితే మరో 60 కిలోలు ఉండనే ఉంటాయి.

ఇరుసు దగ్గర ఇంకా పెద్ద తప్పు జరుగుతోంది. ముందు 3 అడుగుల లాగుడు కడ్డీ ఉన్న 160 కిలోల గూటికి వెనక అంచున ఇరుసు బిగిస్తే, ఎత్తేవారి చేతుల మీద దాదాపు 58 కిలోలు పడతాయి. అదే ఇరుసు నడిమధ్యకు ఒక్క అడుగు వెనగ్గా ఉంటే 20 కిలోలే. నల్లరేగడిలో సైకిల్ చక్రాలు దిగబడతాయి, పాత మోపెడ్ చక్రాలు మేలు.

కింది రెండడుగులకు అరంగుళం కన్ను వెల్డ్‌మెష్ (తీగలు అతికిన గట్టి జాలీ) తప్పనిసరి. మామూలు కోళ్ల జాలీని కుక్క చింపేస్తుంది. కోడికి 8 అంగుళాల చొప్పున కూర్చునే కర్ర కావాలి. 8 అడుగులవి మూడు కడితే 30 కోళ్లకూ సరిపోతాయి. రేకు మీద తాటాకు కప్పకపోతే వేసవిలో గూడు ఉడికిపోతుంది.

గూటిని రెండు మూడు రోజులకోసారి జరపాలి, నెల తిరక్కుండా పాతచోటికి తేవద్దు. జరిపేది రాత్రి, కోళ్లు కర్రలెక్కాకే. పగలు జరిపితే పొద్దుగూకే వేళకు పాతచోటికే పోయి, గూడు కనబడక చెట్లెక్కి, బావురుపిల్లి పాలవుతాయి. తోటలో మందు కొట్టిన వరుసల్లోకి మాత్రం కోళ్లను వదలొద్దు.

కృషి విజ్ఞాన కేంద్రాలు గూడు నమూనా ఇచ్చేటప్పుడు కొలతలతో పాటు పైపు గేజ్, మొత్తం బరువు, ఇరుసు ఎక్కడ బిగించాలో కూడా రాసివ్వాలని మనవి. వెల్డర్ చేతికి వెళ్లేది ఆ కాగితమే.

— ఒక కోళ్ల పెంపకందారు, నూజివీడు