చూడి మేకల నిధికి ఇంకా ఐదు ఇళ్ల సొమ్ము తక్కువ: సంఘస్థులకు విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, పని కోసం హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్ దేశాలకు వెళ్లినా మందిరాన్ని మరవని మన బిడ్డలకు సంఘ కమిటీ వందనాలు. పేద పొరుగు ఇళ్లకు పెంచుకోవడానికి చూడి మేకలు కొని ఇచ్చే మన నిధి గురించే ఈ విజ్ఞప్తి.

జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కేవాళ్లలో ఏటా మనవాళ్లు కూడా ఉంటారు. 1854లో అదే రోజున మిషనరీ జ్యువెట్ దొరగారితో కలిసి ఆ కొండ మీద మోకరించింది గుప్పెడు మందేనని మన పిల్లలకు సండే స్కూల్లోనే తెలుసు. ఈసారి ఆ తెల్లవారుజాముకే మా గడువు కూడా. ఆ రోజే మందల వాళ్లకు బయానా కట్టాలి. కట్టకపోతే కనుమకు మాంసం గిరాకీ మొదలై, మన కోసం ఆపి ఉంచిన మేకలు వేరే బేరానికి పోతాయి.

ఈ నిధి ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దలకు చెప్పక్కర్లేదు. ధాత కరువులో, 1876–78లో, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ల చేతికి పారా తట్టా ఇచ్చి, చేసిన పనికి కూలి కట్టారు. కూటి కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే. మన మేకల నిధికీ ఆ రెండే నియమాలు. ఇచ్చేది తిని అయిపోయేది కాకూడదు. ఎవరి ఇల్లు, ఏ గుడికి వెళ్తారు అని అడగకూడదు. అందుకే ఈసారి రాసిన 12 ఇళ్లలో మందిరం గడప తొక్కనివాళ్లూ ఉన్నారు. వాళ్లు మన పొరుగువాళ్లు, అంతే.

లెక్క క్లుప్తంగా చెబుతాం. ఇంటికి రెండు చూడి మేకలు 18,000, మంచె 5,000, బీమా, మందులు, దాణా 3,000, మొత్తం 26,000 రూపాయలు. అందరికీ కలిపి ఒక పోతుకు, వేలాడే కాటాకు 14,000. అంతా కలిపి 3,26,000 అవుతుంది. చేతిలో ఉన్నది 1,96,000. వివరాల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

డబ్బు ఎటు పోతుందో మాత్రం వివరంగా చెప్పాలి. మేకలు ఇస్తే చచ్చిపోతాయి, అమ్ముకుంటారు అని అనేవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ భయం ఉత్తిది కాదు. ఎందుకు చస్తాయో, ఎందుకు అమ్ముకుంటారో తెలిసి ఏర్పాటు చేస్తేనే ఆపగలం.

సంతలో కొనం. నాలుగు ఊళ్ల మేకలు ఒకచోట కలిసినప్పుడే పారుడు రోగం అంటుకుంటుంది. టీకాలు వేయించిన మందలోనే, రెండు పళ్లవో నాలుగు పళ్లవో చూసి కొంటాం. కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు (పురుగులు) రక్తం తాగుతున్నట్టు. పొదుగులో గడ్డ చేతికి తగిలితే ఆ మేక ఎంత చవకైనా వద్దు, పుట్టిన పిల్ల పాలు లేక పోతుంది. తెచ్చాక మూడు వారాలు ఊరి మేకల్లో కలపకుండా విడిగా కట్టాలి.

మంచె ఖర్చు దండగ అని కొందరు అడిగారు. మన దగ్గర గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో, తుపానులతో వస్తాయి. తడి నేల మీద పడుకున్న మేకకు గిట్టలు పుండ్లు పడతాయి, దగ్గు పట్టుకుంటుంది. మేకపిల్లలైతే పారుకుని రెండు రోజుల్లో పోతాయి. అందుకే మూడడుగుల ఎత్తున సర్వి కర్రలతో, ఆరడుగులకు ఏడడుగుల మంచె, పైన తాటాకు. బద్దల మధ్య సందు అర అంగుళమే ఉండాలి. పెంటికలు కిందికి రాలాలి, పిల్ల కాలు ఇరుక్కోకూడదు. చుట్టూ తడక తప్పదు, వీధికుక్కలు చంపే పిల్లలు తక్కువేమీ కాదు.

జనవరిలోనే కొనాలనడానికి ఇంకో కారణం మేత. శనగ, కంది నూర్పిళ్ల దగ్గర పొట్టు దొరికే రోజులివి. గోనెల్లో ఎత్తి దాచుకుంటే ఎండాకాలానికి పనికొస్తుంది. రెండు మూడు నెలల చూడితో కొన్నవి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈనుతాయి, ఆ పొట్టు అవసరం అప్పుడే. సుబాబుల్ ఆకు ఊరంతా ఉంది కదా అని అదొక్కటే వేస్తే వెంట్రుకలు రాలి నీరసిస్తాయి. మేతలో మూడో వంతు మించకూడదు, మిగతాది అవిశ, తుమ్మ, గట్ల మీది గడ్డి. చూడి ఆఖరి నెలలో రోజుకు పావు కిలో తవుడూ వేరుశనగ చెక్కా కలిపి పెట్టాలి. ఈనిన గంటలోపే పిల్లకు ముర్రుపాలు పట్టాలి, బొడ్డుకు టింక్చర్ అయొడిన్ రాయాలి. క్రిస్మస్ విందులో, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం మాత్రం దయచేసి ఎవరూ మేకలకు పోయకండి. ప్రేమతోనే పోస్తారు, కానీ కడుపులో పులిసి, ఉబ్బి, తెల్లారేసరికి మేక పడిపోతుంది.

తొలకరి పడగానే వచ్చే లేత గడ్డి తెగమేసినప్పుడు చిటుక రోగం కొడుతుంది. సాయంత్రం బాగానే ఉన్న మేక పొద్దున లేవదు. ఆ టీకా ఏటా మే నెలలోనే పడాలి, రోగం వచ్చాక వేసి లాభం లేదు. పారుడు టీకా మూడేళ్లకోసారి చాలు, కానీ ఐసు పెట్టెలోనే తేవాలి. నీళ్ల మందులో కలిపాక ఎండలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే సూది గుచ్చినట్టే తప్ప టీకా వేసినట్టు కాదు. అందుకని 12 ఇళ్ల మేకలనూ ఒకే ఉదయం మందిరం ఆవరణలోకి తోలుకురమ్మని చెబుతాం. నట్టల మందు వానలకు ముందోసారి, తర్వాతోసారి, తూకం చూసి పట్టాలి. తక్కువ మోతాదు పడితే నట్టలు చావవు, మందుకు అలవాటు పడతాయి. పోతును రెండేళ్లకోసారి మార్చకపోతే తన పిల్లలనే దాటి, బలహీనమైన ఈత వస్తుంది. చెవి పోగు ఊడితే వెంటనే చెప్పాలి. పోగు లేని మేకకు బీమా సొమ్ము రాదు.

అమ్ముకోవడం మాటకొస్తే, కారణం దాదాపు ఎప్పుడూ అప్పే. వారం కిస్తీ వాళ్లు వాకిట్లో కూర్చుంటే మొదట పోయేది మేకే. కాబట్టి ఇల్లు రాసేటప్పుడే అప్పు ఎంతో అడిగి రాసుకున్నాం. తీరే దారి దొరికేదాకా రెండు ఇళ్లను వచ్చే ఏటికి ఆపాం. దళారి కంటిచూపుతో బేరమాడితే పోతు పిల్ల మీద కిలోలకు కిలోలు పోతాయి. అందుకే కాటా. అది మందిరం వరండాలోనే ఉంటుంది, ఊళ్లో ఎవరైనా తూచుకోవచ్చు.

ఒక్కో ఇల్లు రెండేళ్లలో రెండు పెంటి పిల్లలను సంఘానికి తిరిగి ఇస్తుంది. వాటిని పంట కానుకల పండుగనాడు వేలం వేయం, మరో ఇంటికి తోలుతాం. ఇప్పుడు ఇచ్చే సొమ్ము ఆ ఇంటితో ఆగదన్నది ఇందుకే.

మిగతా పనులూ ఉన్నాయి: విధవరాండ్రకు నెలనెలా బియ్యం, పదో తరగతి పిల్లల ఫీజులు, రెండు కుట్టు మిషన్లు. వాటికి ఇళ్లలో వండేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం సొమ్ము ఈ ఏటికి సరిపోతుంది.

ఒక్క మాట నొప్పించినా అనక తప్పదు. ముఖద్వారం ఆర్చికి, కొత్త సౌండ్ సెట్టుకు మూడు ఆదివారాల్లో డబ్బు నిండింది. అది మీ ప్రేమే, కాదనం. మేకల నిధికి మాత్రం నాలుగు నెలలుగా అడుగుతున్నాం. పంట కోసేటప్పుడు అంచులు వదిలిపెట్టమన్న ఆజ్ఞ మనకు కొత్త కాదు. బైబిల్లో రూతు పరిగె ఏరుకున్నది అలా వదిలిన పొలంలోనే. అయ్యలారా, అమ్మలారా, ఒక ఇంటి మొత్తం ఇవ్వలేనివాళ్లు నలుగురు కలిసి ఇవ్వండి. మంచెకు సర్వి కర్రలు, తాటాకు, రెండు గోనెల శనగ పొట్టు, ఏదైనా తీసుకుంటాం.

పంపేవాళ్లు సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి. ఎవరి సొంత ఫోను నంబరుకూ వేయకండి, కమిటీ సభ్యుడు అడిగినా సరే. విదేశాల్లో ఉన్నా భారత పౌరులుగానే ఉన్నవాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా, దయచేసి పంపవద్దు. విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ మన సంఘానికి లేదు, చట్టం ఒప్పుకోదు. నగదు ఇచ్చేవాళ్లు డిసెంబరు ఆఖరి ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి గారి బల్ల దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. మందల వాళ్ల దగ్గరికి జనవరి 1 మధ్యాహ్నం బయల్దేరుతున్నాం.

ఇట్లు,
సంఘ కమిటీ సభ్యులు